ఇంటూ గుర్తు పెట్టిన పలక

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఇంకొకరంటే ఊరుకోను గానీ నేనే చెప్పుకుంటే ఇబ్బంది లేదు. అయితే అందరి మీదా కాదు. పక్కింటాయన కారు కొంటే నేనే వెళ్ళి మిఠాయి అడిగి తిన్నాను. నా కుళ్ళంతా ఒక్క మనిషి కోసం భద్రంగా దాచుకున్నాను. అతను నా తోడల్లుడు.

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని అతను చేసుకున్నాడు. అంతవరకూ లోకంలో జరిగేదే. జరగకూడనిదేమిటంటే ఇద్దరమూ ఒకే శాస్త్రం చదివాం. స్ఫటికాలు భూమి లోపల ఎక్కడ, ఏ నీటిలో, ఎంత వేడిలో పుట్టాయో తేల్చడం మా ఇద్దరి పని. ఒక అల్లుడు డాక్టరూ ఇంకొక అల్లుడు లెక్కల మాస్టారూ అయితే పోల్చడానికి వీలుండదు. ఇద్దరూ రాళ్ళవాళ్ళే అయితే ఆ ఇంట్లో త్రాసు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అది చాలదన్నట్టు నాలుగేళ్ళ కిందట అతను కాలేజీ ఉద్యోగం వదిలి నేను పనిచేసే మ్యూజియం ప్రయోగశాలకే వచ్చాడు. నా గదికి రెండు గదుల అవతల కూర్చున్నాడు.

మామగారు కూడా ఆ ప్రయోగశాల మనిషే. ముప్ఫై నాలుగేళ్ళు అక్కడ రాళ్ళు కోశారు. మేము ఇచ్చిన స్ఫటికాన్ని వజ్రపు పొడి అంటించిన రంపంతో పలకలుగా కోసి, రెండు వైపులా అద్దంలా నునుపు చేసి ఇవ్వడం ఆయన పని. గోరంత మందం కూడా ఉండని ఆ పలకను పేపరు మీద పెడితే కింద అక్షరాలు చదవొచ్చు. రిటైరయ్యాక ఇంటి వెనక గదిలో చిన్న సానచక్రం పెట్టుకున్నారు. మంచి పలక కావాలంటే ఇప్పటికీ అల్లుళ్ళిద్దరమూ ఆ గదికే వెళ్తాం. తేడా ఏమిటంటే, అతనికైతే ఆయన ఆ పూటే కోసి ఇస్తారు. నాకు "అక్కడ పెట్టు, చూస్తాను" అంటారు.

ఆ ఆదివారం అందరం మామగారింట్లో భోజనాలకు కూర్చున్నాం. ఆయన అన్నం కలుపుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"ఈసారి వార్షిక సభలో ముఖ్య ప్రసంగం చిన్నల్లుడిదటగా."

నా ముద్ద చేతిలోనే ఆగింది. ఏడేళ్ళుగా ఆ ప్రసంగం నాది. దేశం నలుమూలల నుంచీ ఖనిజాలవాళ్ళు వచ్చే సభ అది. అందులో ముఖ్య ప్రసంగమంటే మాకు పెళ్ళిపీట లాంటిది.

"ఇంకా ఉత్తరం రాలేదు మావయ్యా," అన్నాడు తోడల్లుడు. "డైరెక్టరు గారు నోటిమాటగా అన్నారంతే. అయినా అన్నయ్య ఉండగా నేనేమిటి?"

చూశారా. అదే నాకు ఒళ్ళు మండించేది. గొప్పలు చెప్పుకుంటే అసహ్యించుకుని హాయిగా ఉండేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వడు.

"బావ ఏమీ అనుకోడులే," అంది మా మరదలు, నా విస్తట్లో కూర వేస్తూ.

"అనుకోవడానికేముంది," అన్నాను. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా." అందరూ నవ్వారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో నా నవ్వుల్లో ఏది నిజమో ఏది పులుపో ఆమెకు తెలిసిపోయింది.

*

నేను కొంచెం నా గొప్ప కూడా చెప్పుకోవాలి, లేకపోతే కథ అర్థం కాదు. మా మ్యూజియంలో రెండో హాల్లోకి వెళ్తే ఎడమ వైపు గాజు బీరువాలో పిడికిలంత ఊదారంగు స్ఫటికం ఉంటుంది. అది ఫ్లోరైట్. సున్నపురాయి గనిలో ఒక సన్నటి చీలికలో దొరికింది. దాని కింద ఇత్తడి రేకు మీద ఇలా చెక్కి ఉంటుంది: 'ఈ స్ఫటికం రెండు వందల పద్నాలుగు డిగ్రీల వేడినీటిలో పుట్టింది.' ఆ రెండు వందల పద్నాలుగు నాది. పంతొమ్మిదేళ్ళ కిందట నేను కనిపెట్టిన సంఖ్య. పాఠ్యపుస్తకంలో కూడా ఉంది. మా అమ్మాయి ఇంటర్లో దాన్ని చదివి పరీక్ష రాసింది.

ఎట్లా కనిపెడతామంటే, స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడినీటి చుక్కలు కొన్ని దాని లోపల చిక్కుకుపోతాయి. మన వెంట్రుక మందంలో పదో వంతు ఉంటాయి. స్ఫటికం చల్లారాక ఆ నీరు ముడుచుకుని, చుక్క లోపల ఒక బుడగ మిగులుతుంది. పలకను మైక్రోస్కోపు కింద చిన్న హీటరు మీద పెట్టి మెల్లగా వేడి చేస్తే, నీరు మళ్ళీ ఉబ్బి బుడగ చిన్నదవుతూ చివరికి మాయమవుతుంది. ఎన్ని డిగ్రీల దగ్గర మాయమైందో దాన్ని బట్టి ఆ స్ఫటికం ఎంత వేడిలో పుట్టిందో చెబుతాం. కోట్ల ఏళ్ళ నాటి నీళ్ళు మన కళ్ళెదుట తమ పుట్టుక చెప్పుకుంటాయి. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు ఎవరి మీదా కుళ్ళు ఉండదు. అందుకే దీన్ని ప్రేమించాను.

దీనికి ఒకటే నియమం. బుడగ మాయమైన చోట ఆగిపోవాలి. ఫ్లోరైట్ మెత్తటి రాయి. ఇంకా వేడి పెంచితే లోపలి నీరు ఉబ్బి చుక్క గోడలను నెట్టేస్తుంది. పాత పంట్లాం నడుము సాగినట్టు చుక్క సాగిపోతుంది. చోటు పెరిగింది కాబట్టి ఆ తరవాత ఎప్పుడు కొలిచినా బుడగ మాయం కావడానికి ఎక్కువ వేడి కావాలి. అంటే మాడిన పలక ఎప్పుడూ అసలుకన్నా ఎక్కువే చెబుతుంది. తక్కువ చెప్పడం జరగదు. ఇది గుర్తు పెట్టుకోండి, తరవాత నేనే గుర్తు పెట్టుకోవలసి వచ్చింది.

పంతొమ్మిదేళ్ళ కిందట మామగారు ఆ చీలిక స్ఫటికం నుంచి నాకు రెండు పలకలు కోసి ఇచ్చారు. రెండూ కవలల్లా ఉన్నాయి. ఒకదాన్ని హీటరు మీద పెట్టాను. వేడి ఇంకా నూరు కూడా దాటలేదు. వరండాలో ఫోను మోగింది. మా అత్తగారు.

"చిన్నదానికి సంబంధం కుదిరింది బాబూ," అన్నారావిడ. "అబ్బాయిది కూడా మీ చదువేనట. బంగారు పతకం వచ్చిందట. మీ మామగారు ఒకటే సంబరం, నాకు అసలైన రాళ్ళ అల్లుడు దొరికాడంటున్నారు."

అసలైన. ఆ ఒక్క మాట పట్టుకుని వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నేనప్పటికి ఆ ఇంటి అల్లుణ్ణై అయిదేళ్ళు. మరి నేను నకిలీనా అనుకున్నాను. తిరిగి గదిలోకి వచ్చేసరికి హీటరు మూడు వందలు దాటి ఉంది. కట్టేసి, పలకను పటకారుతో తీసి బల్ల మీద పెట్టాను, రెండో పలక పక్కన. మాడినదాన్ని పొట్లం కట్టి ఎర్ర పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టాను. మా దగ్గర అది రివాజు. ఇంటూ ఉన్న పలకను ఇక ఎవరూ కొలవరు. రెండోదాన్ని మర్నాడు కొలిచాను. ఒక్కో చుక్క ఒక్కో మాట చెప్పింది. ఒకటి నూట తొంభై అంది, ఇంకొకటి రెండు వందల నలభై అంది. సగటు తీస్తే రెండు వందల పద్నాలుగు వచ్చింది. చుక్కల మధ్య అంత తేడా ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని, పలక నునుపులో కొంత లోపం ఉండవచ్చని వ్యాసం అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం రాసి పడేశాను.

*

ఆదివారం భోజనాలైన రెండో రోజు తోడల్లుడు నా గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అన్నయ్యా, ఒక చిన్న సాయం. ఈ కొండల వరసలో ఫ్లోరైట్ దొరికిన పదకొండు చోట్లా కొలిచాను. అన్నీ నూట నలభై, నూట యాభై మధ్యే చెబుతున్నాయి. ఒకటే నీరు, మన లెక్కలో చల్లటిదే, కొండలన్నిటి కిందా పాకిందని నా ఆలోచన. మీ చీలిక ఒక్కటే రెండు వందల పద్నాలుగు. అదొక్కటీ ఎందుకు వేరుగా ఉందో చెప్పలేకపోతే ప్రసంగంలో నిలబడలేను. ఆ గని నీళ్ళతో నిండిపోయింది, కొత్త స్ఫటికం దొరకదు. మ్యూజియంలోదాన్ని కోయనివ్వరు. మీ దగ్గర అప్పటి పలక ఏమైనా మిగిలి ఉందా?"

ఉంది. బల్ల సొరుగులో రెండు పొట్లాలూ ఉన్నాయి. నేను కొలిచిన పలక ఒకటి, ఇంటూ గుర్తు పెట్టినది ఒకటి. మంచిదాన్ని ఇస్తే అతనికీ రెండు వందల పద్నాలుగే వస్తుంది. నా సంఖ్య నిలుస్తుంది, ఏదో ఒక సర్దుబాటు చెప్పి అతనూ గట్టెక్కుతాడు. అంతే కదా, ఇచ్చేయొచ్చు కదా. ఇవ్వలేదు.

"వెతికి సాయంత్రం ఇస్తాను," అన్నాను.

అతను వెళ్ళాక తలుపు గడియ వేసి, ఇంటూ పొట్లం విప్పి, ఆ పలకను తెల్లటి కొత్త పొట్లంలోకి మార్చాను. దాని మీద నా చక్కటి దస్తూరీతో చీలిక పేరు, స్ఫటికం నంబరు రాశాను. మాడిన పలక చుక్కలు నోటికొచ్చింది చెబుతాయి. అతను వాటిని నమ్మి వేదిక ఎక్కుతాడు. ముందు వరసలో కూర్చునే ముసలి ప్రొఫెసర్లలో ఎవరో ఒకరు లేచి, 'బాబూ, ఈ పలకను ఇంతకు ముందు వేడి చేశారా?' అని అడుగుతారు. పలక చరిత్ర కనుక్కోకుండా కొలిచినవాడంటే మా పనిలో చేతులు కడుక్కోకుండా ఆపరేషన్ చేసినవాడితో సమానం. బంగారు పతకం బండారం బయటపడుతుంది. నాకు ఒక్కటే కావాలి, సభ రోజు మామగారు హాల్లో కూర్చుని ఆ ప్రశ్న వినాలి.

పొట్లం ఇచ్చినప్పుడు తోడల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "భద్రంగా దాచారన్నయ్యా," అన్నాడు.

ఆ వారమంతా ఆకలి బాగా వేసింది. మా ఆవిడ అనుమానంగా చూసింది.

"ఏమిటి, ఈల వేస్తున్నారు?"

"ఈల వేయకూడదా?"

"వేయండి. పెళ్ళయిన కొత్తలో వేసేవారు, మళ్ళీ ఇప్పుడే."

*

తొమ్మిదో రోజు పొద్దున తోడల్లుడు వచ్చాడు. ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది. నా లోపల ఈల మళ్ళీ మొదలైంది.

"ఎంతొచ్చింది?" అన్నాను, కాగితాలు సర్దుతూ.

"నూట నలభై ఆరు."

నా చేతిలో కాగితాలు ఆగిపోయాయి.

"ఇరవై ఎనిమిది చుక్కలు చూశాను," అన్నాడు అతను. "అన్నీ నూట నలభై నాలుగు, నూట నలభై ఎనిమిది మధ్యలోనే. ఒక్కటి కూడా పక్కకు పోలేదు. నా పదకొండు చోట్లతో సరిగ్గా కలిసింది."

మాడిన పలక తక్కువ చెప్పదు. ఈ ముక్క నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇంటూ గుర్తు పొట్లంలో పలక నూట నలభై ఆరు చెప్పిందంటే అది మాడిన పలక కాదు. అది ఎన్నడూ హీటరు ఎక్కని కన్నెపలక. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టిన రోజు, చెవిలో 'అసలైన' అనే మాట గింగిరాలు తిరుగుతుంటే, మంచిదాన్ని పొట్లం కట్టి ఇంటూ గీశాను. మాడినదాన్ని మర్నాడు కొలిచాను. రెండు వందల పద్నాలుగు ఒక మాడిన పలక చెప్పిన అబద్ధం. ఇత్తడి రేకు మీద, పాఠ్యపుస్తకంలో, మా అమ్మాయి పరీక్ష పేపర్లో ఉన్నది అదే.

అతన్ని ముంచుదామని ఇచ్చిన పలకే అతనికి నిచ్చెన అయింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను గొయ్యి తీసి, మెట్లు కూడా కట్టి, దిగాను.

"అయితే ఇంకేం," అన్నాను.

"ఇంకేముందన్నయ్యా. మీది తప్పు కాదు. మీరు కొలిచారంటే అది రాయి మీద గీతే. నా హీటరులోనో నా చేతిలోనో ఏదో లోపం ఉండాలి. అప్పుడు ఆ పదకొండూ కూడా తప్పే. శుక్రవారం డైరెక్టరు గారికి ప్రసంగం మానుకుంటున్నానని చెప్పేస్తాను. ఆయన ఎలాగూ మిమ్మల్నే అడుగుతారు." లేచి తలుపు దగ్గర ఆగాడు. "ఇంకా మూడు రోజులుంది. మీకేమైనా తోస్తే చెప్పండి."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ఆలోచించండి, నేను ఏమీ చేయనక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు. ప్రసంగం నాది, రేకు నాది, సంఖ్య నాది. అతను తన నాలుగేళ్ళ పనిని తనే చెత్తబుట్టలో పడేసుకుంటాడు. నేను కోరుకున్నదానికన్నా ఎక్కువే దొరికింది. మరి అన్నం ఎందుకు సహించలేదో చెప్పలేను.

మర్నాడు సొరుగులోంచి రెండో పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. పంతొమ్మిదేళ్ళలో దాన్ని మళ్ళీ చూడలేదు. గెలిచిన పందెం మళ్ళీ ఎవరు ఆడతారు? చుక్కల చుట్టూ సన్నటి బీటలు పిల్లిమీసాల్లా ఉన్నాయి. మొదటి ఏడాది పిల్లలు కూడా గుర్తు పట్టే బీటలు. అప్పుడు నాకు ఎందుకు కనిపించలేదంటే, చూడదలచుకోలేదు కాబట్టి. ఆ పెళ్ళి అయ్యేలోపు నాకు ఒక సంఖ్య కావలసి వచ్చింది.

అయినా అతనికి చెప్పడానికి మనసొప్పలేదు. ఆ పలక పట్టుకుని మామగారి దగ్గరకు వెళ్ళాను. ఎందుకంటే, పెద్దాయన కళ్ళు మసకబారాయి, 'మంచిదే' అంటారేమోనని. అట్లా అంటే చాలు, ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని ఊరుకునేవాణ్ణి.

ఆయన సానచక్రం ఆపి, చేతులు తుడుచుకుని, భూతద్దం కంటికి పెట్టుకున్నారు. వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది మాడింది," అన్నారు.

"అవును మావయ్యా."

"ఎవరు మాడ్చారు?"

"నేనే. అప్పట్లో."

"రెండు వందల పద్నాలుగు దీంట్లోంచి వచ్చిందేనా?"

తల ఊపాను. ఆయన భూతద్దం దించి నా వైపు కాకుండా పలక వైపే చూస్తూ కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను.

"అయితే నా నునుపులో లోపం లేదన్నమాట," అన్నారు.

మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

"నీ వ్యాసం అడుగున రాశావుగా, పలక నునుపులో లోపం ఉండవచ్చని. ఇంగ్లీషు నాకు రాదు, పెద్దమ్మాయి చదివి చెప్పింది. అప్పటి నుంచీ నువ్వు ఏ రాయి తెచ్చినా చెయ్యి పెట్టాలంటే భయం వేసేది, అల్లుడూ. మళ్ళీ ఎక్కడ చెడగొడతానోనని. పక్కన పెట్టి, చెయ్యి నిలకడగా ఉన్న రోజు చూసి కోసేవాణ్ణి." పలకను తన పంచె అంచుతో మెల్లగా తుడిచారు. "నునుపు బాగానే ఉంది. చూడు."

'అక్కడ పెట్టు, చూస్తాను' అన్న మాటకు అర్థం అది. ఆయన నన్ను తక్కువగా చూస్తున్నారని పంతొమ్మిదేళ్ళు కుళ్ళిపోయాను. ఒక ముసలాయనకు తన చేతి మీదున్న నమ్మకాన్ని ఒక్క వాక్యంతో నేనే కోసేసి, పైగా అలిగి కూర్చున్నాను. అక్కడ నాకు సిగ్గు వేసింది. పెద్ద మాటలేమీ రాలేదు. "తప్పు నాదే మావయ్యా" అన్నాను. ఆయన తల ఊపి, "అన్నం తిని వెళ్ళు" అన్నారు.

*

శుక్రవారం పొద్దున్నే, డైరెక్టరు రాకముందే, తోడల్లుడి గదికి వెళ్ళాను. నిలబడే చెప్పాను. పలకలు తారుమారయ్యాయని, నేను కొలిచింది మాడినదని, రెండు వందల పద్నాలుగు తప్పని, నూట నలభై ఆరే నిజమని. అంతవరకే చెప్పాను. ఇంటూ గుర్తు పొట్లం సంగతి చెప్పలేదు. ఒకేసారి రెండు పళ్ళు పీకించుకోవడం ఎవరివల్ల అవుతుంది? అతను కుర్చీ లాగి, "కూర్చోండన్నయ్యా" అన్నాడు. కూర్చోలేదు.

సభ రోజు హాలు నిండిపోయింది. మా ఆవిడ, మరదలు, మధ్యలో మామగారు రెండో వరసలో కూర్చున్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళలో సానమట్టి పోయేదాకా కడుక్కుని వచ్చారు. తోడల్లుడు బాగా మాట్లాడాడు. బాగా మాట్లాడాడని చెప్పడానికి ఇప్పటికీ పళ్ళు నూరుకుంటున్నాను. కొండలన్నిటి కిందా ఒకటే చల్లటి నీరు పాకడం అందరికీ కళ్ళకు కట్టింది. చివర్లో నా చీలిక దగ్గరకు వచ్చాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను పేరు ఎత్తకముందే నేను కుర్చీలో సర్దుకున్నాను.

"ఈ చీలిక విషయంలో పాత సంఖ్య తప్పని కనిపెట్టింది నేను కాదు," అన్నాడు మైకులో. "ఆ సంఖ్య కనిపెట్టిన మనిషే. మా అన్నయ్య. ఆయన దగ్గర వేడి తగలని పలక ఒకటి మిగిలింది. దాని చరిత్ర ఏమీ చెప్పకుండా, కొత్త పొట్లంలోకి మార్చి నా చేతికిచ్చారు. ముందే చెబితే నా కన్ను అటే మొగ్గుతుంది కదా. తన పేరు పోతుందని తెలిసీ ఎవరు అట్లా చేస్తారు? ఈ పలకలు కోసింది మా మావయ్య. ఇరవై ఎనిమిది చుక్కలూ ఒకటే మాట చెప్పాయంటే అది ఆయన చేతి నునుపు."

చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరస ముసలి ప్రొఫెసర్లు వెనక్కి తిరిగి నన్ను చూస్తూ కొట్టారు. మామగారు తన చేతుల వైపు చూసుకుంటున్నారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. ఏడేళ్ళు ఆ వేదిక మీద నిలబడి మాట్లాడాను, ఒక్కసారి కూడా అన్ని చప్పట్లు రాలేదు. ఒక మనిషిని ముంచుదామని చేసిన పనికి వచ్చాయి. లేచి దండం పెట్టాలి కాబట్టి పెట్టాను. తల మాత్రం ఎత్తలేదు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

టీ విరామంలో అతన్ని వరండా చివరకు తీసుకెళ్ళాను. ఇక దాచుకోవడం నావల్ల కాలేదు.

"నీ కన్ను మొగ్గకూడదని కాదు ఆ పొట్లం మార్చింది," అన్నాను. "అది మాడిన పలక అనుకునే ఇచ్చాను. దాని మీద ఇంటూ గుర్తు ఉండేది. నువ్వు సభలో అల్లరిపాలు కావాలని."

అతను కప్పు పిట్టగోడ మీద పెట్టాడు.

"తెలుసన్నయ్యా."

"ఏం తెలుసు?"

"పంతొమ్మిదేళ్ళ నాటి పలక నిన్న మొన్నటి పొట్లంలో ఎందుకుంటుంది? చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. నాకు సంఖ్య వచ్చాక మిగతాది అర్థమైంది. తక్కువ వచ్చిందిగా, అంటే మాడింది మీరు కొలిచిన పలక. ఆ సంగతి మీకు తెలిసుంటే నాకు ఇది ఇచ్చేవారే కాదు."

"మరి నీ హీటరులో లోపం అన్నావు. ప్రసంగం మానుకుంటానన్నావు."

"మీకు మూడు రోజులు ఇద్దామని."

"ఇందాక వేదిక మీద చెప్పిందంతా..."

"పొట్లం మార్చి ఇచ్చారన్నది నిజమే కదా. ఎందుకు మార్చారో నేను చెప్పలేదు. అక్కడ వదిన కూర్చుని ఉంది, మావయ్య కూర్చుని ఉన్నారు. ఏం చెప్పమంటారు? అయినా నేనేం మహానుభావుణ్ణి కాదు. పెళ్ళయిన మొదటి రోజు నుంచీ ఆ ఇంట్లో రెండు వందల పద్నాలుగు వింటూనే ఉన్నాను. పెద్దల్లుడు కనిపెట్టింది, పుస్తకంలో వేశారు, రేకు మీద చెక్కారు. కుళ్ళు మీ ఒక్కరి సొత్తు అనుకున్నారా?"

నేను ఒకటే అడిగాను. "శుక్రవారం నేను రాకపోయి ఉంటే?"

"నిజంగానే మానుకునేవాణ్ణి. ఎవరికీ ఏమీ చెప్పేవాణ్ణి కాదు." కప్పు తీసుకున్నాడు. "కాకపోతే ఇక ఎప్పుడూ అన్నయ్యా అని పిలిచేవాణ్ణి కాదు. ఇంట్లో ఎవరూ గమనించేవాళ్ళు కాదు. మీకు మాత్రం తెలిసేది."

అతను లోపలికి నడిచాడు. నేను అక్కడే నిలబడ్డాను. దాదాపు ఇరవై ఏళ్ళుగా చెవిలో పడుతున్న పిలుపు అది. పడినప్పుడల్లా చిరాకు పడ్డాను, అది లేకుండా ఆ ఇంట్లో భోజనానికి కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఒక్కసారీ ఊహించలేదు. ఇప్పుడు ఊహించాను. ఓర్చుకోవడంలో కూడా వీడు నాకన్నా ఒక మెట్టు పైనే ఉన్నాడని కడుపు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు, చల్లారుతుందని అబద్ధం చెప్పను.

సోమవారం నేనే స్క్రూడ్రైవరు తీసుకుని రెండో హాలుకు వెళ్ళి ఇత్తడి రేకు విప్పాను. ఒక మర తుప్పుపట్టి రాలేదు. వంగి కుస్తీ పడుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూడలేదు. చూడకుండా, చెయ్యి ఆపి ఎదురు చూశాను.

"నేను పట్టుకుంటాను, అన్నయ్యా," అన్నాడు.